తెర వెనక గొంతు

అక్కా,

అలిగి వెళ్లినదానివి వెళ్లినట్టే ఉండిపోయావు. మచ్చల ముఖం జనం ముందు పనికిరాదన్నది అమ్మ, నేను కాదు. నువ్వు తెర వెనక పాడితే, నేను ముందు నిలబడి పెదవులు కదిపానంతే.

మొన్న కచేరీలోనూ అంతే. పాట వచ్చింది, పెదవులు కదిపాను, జనం తెగ చప్పట్లు కొట్టారు. తీరా తెర తీసి చూస్తే నీ స్టూలు ఖాళీ. నువ్వు మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయావని తబలా బాబాయి చెప్పాడు. "మరి పాడిందెవరు?" అన్నాను. అక్కా, నా నోట్లోంచి నీ గొంతు వచ్చింది.

అప్పటినుంచీ అదే. దగ్గినా నీ దగ్గే.

ఇంటికొచ్చి "అమ్మా" అని పిలిచాను. "వచ్చావా పెద్దదానా!" అంటూ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. నేను చిన్నదాన్నంటే వినిపించుకోదు. నా నున్నటి బుగ్గ నిమురుతూ, "ఈ మచ్చలకా తల్లీ నిన్ను దాచాను?" అని ఏడ్చింది. తర్వాత నా వెనక గుమ్మంలోకి తొంగిచూసి, "చెల్లి ఏదే?" అంది.

వెంటనే బయల్దేరి రా. నేనెవరో అమ్మకి నువ్వే చెప్పాలి. నువ్వూ నమ్మకపోతే ఈ చేతిరాత చూడు. నాదంటూ మిగిలింది ఇదొక్కటే.

నీ చెల్లెలు