కుర్చీల కూసున్న వేరియబుల్

7-11-66, సోమవారం. సిరిసిల్ల

ట్రైనింగ్ కాలేజీల అన్ని పాసైన, సైకాలజీ ప్రాక్టికల్ తప్ప. మనుషుల మీద ప్రయోగం చేసి మళ్ళ రాసియ్యాలె. ఎలుకలను కొనే తాహతు కాలేజీకి లేదు. అందుకని భూమన్న మామ నేసే షెడ్డును ఎంచుకున్న. హైపోథెసిస్: పాట వింటే మగ్గం పని పెరుగుతది. షెడ్డు యజమాని అంబదాస్ సేటు కుర్చీ వేయించి, కూసో పంతులూ అన్నడు. నా జన్మల ఇంత గౌరవం ఇదే మొదలు.

9-11-66

పాడేది నేనే. ముందుగాల నీ గొంతును కంట్రోల్ చెయ్యరా అయ్యా అని పక్క మగ్గం నేసే అంజన్న నాకు మొక్కిండు. అయినా బట్ట ఎక్కువ దిగింది. సైన్సుకు జై.

12-11-66

ఇయ్యాల నోరు మూసుకొని గడియారం చూసుకుంట కూసున్న. బట్ట ఇంకా ఎక్కువ దిగింది. పుస్తకంల ఇట్ల లేదు.

అదే దినం, అన్నాలప్పుడు

మామ కుడి భుజం వాసింది. చెయ్యి లేస్తలేదు. కమలవ్వ అత్త ఉప్పు కాపడం పెట్టుకుంటనే నా మీదికి లేసింది. కరెంటుతోని నడిచే సాంచె మగ్గాలు వస్తున్నయని, సగం మందికి పని పోతదని ఊరంత పుకారట. ఎవరిని ఉంచాలె, ఎవరిని ఎల్లగొట్టాలె అని సేటుకు చెప్పెటోణ్ణి నేనేనట. అందుకే అందరు పానం పోయేటట్టు నేస్తున్నరట.

నువ్వు గూడ నమ్మినవా మామా అని అడిగిన. అల్లుడు సుట్టరికం జూసి ఉంచిండని ఎవ్వలు అనొద్దు గదరా, అందుకే అందరికన్న ఎక్కువ మగ్గం కొట్టిన అన్నడు.

పనిని మార్చే వేరియబుల్ నేనేనన్న మాట.

14-11-66

ఇది నా పరీక్ష కోసమే, సేటుకు సంబంధం లేదని షెడ్డుల నిలబడి చెప్పిన. అందరు తలూపిన్రు. మగ్గం మాత్రం ఎవ్వరు ఆపలే.

సేటుకు గూడ చెప్పిన, పని పెంచింది పాట కాదు, భయమని. సేటు ముఖం వెలిగింది. ఇగ రోజూ ఇంతే దిగాలె, జీతమిస్త, నువ్వు గీ కుర్చీలనే ఉండు అన్నడు. నిజం ఎవరికి చెప్పొద్దో రీసెర్చి మెథడ్స్‌ల రాయలే.

15-11-66

నేను వద్దంటే సేటు తన బామ్మర్దిని కూసోబెడ్తడట. బామ్మర్ది చేతుల కట్టె ఉంటది.

నువ్వే కూసోరా అన్నడు మామ. భుజం వాపు ఇంకా దిగలే.

17-11-66

ఉద్యోగంల చేరిన. కుర్చీల కూసొని కండ్లు మూసుకున్న. ఒక్కరు గూడ నమ్మలే, మగ్గాలు అదే ఉరుకుడు. అత్త నూలు కండెల గంప దించుకుంట, గురక పెట్టురా పిచ్చోడా అని చెవుల చెప్పింది. పెట్టిన. ఒక్కొక్క మగ్గం నెమ్మదిచ్చింది. అందరికంటే ఆఖరున మామది.

21-11-66

బట్ట తగ్గిందేంది పంతులూ అని సేటు నిలదీసిండు. హాబిట్యుయేషన్ అన్న. భయం గూడ మనిషికి అలవాటైతదని పుస్తకం తెరిచి చూపిచ్చిన. ఇంగ్లీషుల ఉంది, నమ్మిండు.

22-11-66

ఇయ్యాల నిజంగనే నిద్రపట్టింది. సేటు వస్తుండని మగ్గాలన్ని ఒక్కసారి జోరందుకొని నన్ను లేపినయి.