మన్సుఖ్‌భాయి వంట

లెస్టర్,
3 ఫిబ్రవరి 1974

పూజ్యులైన అత్తయ్యగారికి,

జై శ్రీకృష్ణ. మేమంతా కులాసా. మీ అమ్మాయి చేతి వంట తిని తిని నా ప్యాంట్లన్నీ బిగుతయ్యాయి. తరులత ఇరవై నాలుగు గంటలూ ఇంటిపట్టునే ఉంటుంది కాబట్టి మీరు ఏ దిగులూ పెట్టుకోవద్దు.

ఈ ఉత్తరం నా కోసం కాదు. మా మేజోళ్ళ ఫ్యాక్టరీలో నా పక్క మిషన్ మీద మన్సుఖ్‌భాయి అని ఒక స్నేహితుడున్నాడు. ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు శిక్షణ తీసుకుంటోంది. మధ్యాహ్నం వెళితే రాత్రి తొమ్మిదిన్నరకి గానీ రాదు. జూన్‌లో ఆఖరి పరీక్ష. తప్పితే మళ్ళీ అవకాశం ఇవ్వరు. ఇద్దరు చిన్నపిల్లలు. రోజూ సాయంత్రం డబ్బాలో చిక్కుడు గింజలు, కాల్చిన రొట్టె. మొన్న చిన్నవాడు డబ్బా చూడగానే బల్ల కిందికి దూరి బయటికి రానన్నాడట. వంట రాదని భార్యతో చెబితే ఆవిడ పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళుతుందని ఈయన భయం.

కిచిడీ ఎలా చేయాలో మీరు నాలుగు ముక్కలు రాస్తే మన్సుఖ్‌భాయి మీ పేరు చెప్పుకుని బతుకుతాడు.

ఇట్లు,
మీ అల్లుడు జయసుఖ్

తా.క.: "నాన్నా, ఇవాళ కూడా అదేనా?" అని మా బీనా అడిగితే ఎంత చిన్నతనంగా ఉంటుందో! మా బీనా అంటే వాళ్ళ బీనా. వాళ్ళమ్మాయి పేరు కూడా బీనాయే.

~

నడియాద్,
16 ఫిబ్రవరి

చి. అల్లుడుగారికి,

జై శ్రీకృష్ణ. ఉత్తరం అందింది. తరు మీకు వేళకి వేడి వేడి రోట్లీలు పెడుతోందంటే నా కడుపు నిండింది. మగవాడు పొయ్యి దగ్గర నిలబడ్డాడని తెలిస్తే ఆ ఇంటి ఆడపిల్లని కన్న తల్లి తల ఎక్కడ పెట్టుకోవాలి చెప్పండి?

కిచిడీకి ఒక గ్లాసు బియ్యం, అర గ్లాసు పొట్టు పెసరపప్పు. మూడుసార్లు కడిగి పావుగంట నాననివ్వాలి. నాలుగున్నర గ్లాసుల నీళ్ళు, చెంచా ఉప్పు, పావు చెంచా పసుపు. మరిగాక మంట తగ్గించి మూత పెట్టి ఇరవై నిమిషాలు వదిలేయాలి. మధ్యలో మూత తీసి కెలికితే అడుగంటుతుంది. మగవాళ్ళకి చేతులు ఊరుకోవు కాబట్టి చేతులు కట్టుకుని నిలబడమనండి. దించాక నెయ్యి.

ఇక అసలు సంగతి. చీకటి పడినా భార్య ఇంటికి రాకపోవడానికి పేరు చదువా? ఆ పిల్ల వెళ్ళిపోయింది. చెప్పుకోవడానికి ఆయనకి నామోషీగా ఉంది. మీరు అమాయకులు, నమ్మేశారు. పాపం ఆ పిల్లలు!

ఆశీస్సులతో,
మీ అత్తయ్య ఇచ్ఛాబెన్

తా.క.: మీ ఉత్తరం చదివినప్పటినుంచి మీ మామగారు ఉయ్యాల బల్ల మీద కూర్చుని తనలో తనే నవ్వుకుంటున్నారు. వయసు మీద పడింది, ఏం చేస్తాం.

~

లెస్టర్,
28 ఫిబ్రవరి

పూజ్యులైన అత్తయ్యగారికి,

కిచిడీ కుదిరింది! మన్సుఖ్‌భాయి అచ్చంగా ఇరవై నిమిషాలు చేతులు కట్టుకుని పొయ్యి ముందు నిలబడ్డాడు. బీనా రెండుసార్లు వడ్డించుకుంది. నాలుగేళ్ళ కేతన్ పళ్ళెం నాకి, "ఇది మనింట్లో చేశారా?" అని అడిగాడు. ఆ మాటకి మన్సుఖ్‌భాయి అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. నేను అక్కడే ఉన్నాను, చూశాను.

అత్తయ్యగారూ, ఆవిడ ఎక్కడికీ వెళ్ళిపోలేదు. తొమ్మిదిన్నరకి వచ్చి కోటు కూడా విప్పకుండా నిలబడే తిన్నది. "ఎవరు నేర్పారు?" అంటే ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నేర్చుకున్నానని చెప్పాడట. ఆ తర్వాత బల్ల దగ్గర కూర్చుని గుండె కవాటాల బొమ్మ గీసుకుంటూ ఉంటే చూడాలి. అంత అలసటలోనూ ఒక్క గీత వంకర పోలేదు.

మీ గొప్పతనం నాకిప్పుడు తెలుస్తోంది. ఒక్క కిచిడీకే మన్సుఖ్‌భాయి నడుం పట్టేసింది. మీరు పురుళ్ళ ఆసుపత్రిలో నర్సుగా ఇరవై అయిదేళ్ళు చేస్తూ ఇంటిల్లిపాదికీ ఎలా వండిపెట్టారు? పెళ్ళయిన కొత్తలో మీ ఇంట్లో తిన్న కఢీ రుచి ఇంకా నా నాలుక మీదే ఉంది. మీ చేతికి దండం పెట్టాలి.

వచ్చే నెల కేతన్ పుట్టినరోజు. ఢోక్లా ఎలా చేయాలో రాయగలరా?

మీ అల్లుడు,
జయసుఖ్

తా.క.: వాళ్ళబ్బాయి పేరు కూడా కేతనే. ఇక్కడ మనవాళ్ళలో ఆ పేరు బాగా ఎక్కువ.

~

నడియాద్,
12 మార్చి

చి. అల్లుడుగారికి,

జై శ్రీకృష్ణ. మీ మామగారు పున్నమికని డాకోర్ యాత్రకి వెళ్ళారు. ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఢోక్లా ఎంత పని! బియ్యం, శనగపప్పు తగినంత తీసుకుని నానబోయాలి. ఎంతసేపంటే నానేదాకా. తర్వాత రుబ్బాలి. పులియాలి. అందులో సోడా మీకు తృప్తి కలిగేదాకా వేసి, ఆవిరి మీద పెట్టి, అయిపోయాక దించడమే. దీనికి అంతకంటే రాయడానికి ఏమీ లేదు.

మన్సుఖ్‌భాయి గురించి నాకు నిద్ర పట్టడం లేదు. ఆవిడ వచ్చి తిన్నదని మీరు రాసింది స్నేహితుడి పరువు కాపాడ్డానికేనని నాకు తెలియదా? నా భజన బృందంలో లీలావతిబెన్ అని ఉంది. ఆవిడ కూతురు కోకిల, బాలబడి పంతులమ్మ. ముప్ఫై ఏళ్ళు, పిల్లలంటే ప్రాణం. కిచిడీ తినే పిల్లల కోసం కన్నీళ్ళు పెట్టుకునే మగవాడున్నాడని చెబితే తల్లీకూతుళ్ళిద్దరూ నా చేతులు పట్టుకున్నారు. ఫోటో పంపండి.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: పొట్ట ఉంటే ఎదురుగా దిగమనండి. అందరూ పక్కకి తిరిగి దిగి దొరికిపోతారు.

~

లెస్టర్,
26 మార్చి

పూజ్యులైన అత్తయ్యగారికి,

ముందు ఢోక్లా సంగతి. మన్సుఖ్‌భాయికి నాలుగో చెంచా సోడా దగ్గర తృప్తి కలిగింది. పది నిమిషాలకి ఢోక్లా మూతని నెత్తిన పెట్టుకుని పైకి లేచింది. ఇంకాసేపటికి గిన్నె దిగి పొయ్యి మీద నడవసాగింది. దాని మధ్యలోనే అయిదు కొవ్వొత్తులు గుచ్చారు. పిలిచిన ఇంగ్లీషు పిల్లలు ఒక్కో ముక్క తిని మర్యాదగా సబ్బు వాసన బాగుందన్నారు. తప్పు మీది కాదు, ఇక్కడి చలిది. మీ చేతి మహిమ పోస్టులో కొంత ఆవిరైపోయినట్టుంది.

ఇక సంబంధం విషయం. వద్దండీ! దయచేసి లీలావతిబెన్‌గారికి చెప్పేయండి. మన్సుఖ్‌భాయికి భార్యంటే ప్రాణం. ఆవిడ పేరు ఎత్తితే ఆయన గొంతు మారిపోతుంది. "అలాంటి మనిషి నా ఇంట్లో కాలు పెట్టడం నా అదృష్టం" అంటాడు. ఆ స్థానంలో ఇంకొకరిని ఊహించలేడు.

మీ అల్లుడు,
జయసుఖ్

తా.క.: ఫోటో లేదు. ఆయన ఫోటోలకి నిలబడడు.

~

నడియాద్,
8 ఏప్రిల్

చి. అల్లుడుగారికి,

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఆ పిల్ల వెళ్ళిపోయిందనుకుని నోటికొచ్చినట్టు రాశాను. ఆవిడ పోయిందా? ఎప్పుడు? బతికున్న భార్య గురించి ఏ మగవాడైనా అలా మాట్లాడతాడా?

లీలావతిబెన్‌కి చెప్పాను. పోయిన భార్యని ఇంతగా తలుచుకునేవాడు ఉన్న భార్యని ఇంకెంత బాగా చూసుకుంటాడో అని కోకిల మరీ పట్టుదలగా ఉంది. ఆవిడ మేనమామ రతిలాల్ మీ ఊళ్ళోనే బెల్‌గ్రేవ్ రోడ్డులో చీరల కొట్టు నడుపుతున్నాడు. ఏప్రిల్ 21, ఆదివారం నాలుగు గంటలకి మీ ఇంటికి వస్తాడు. మన్సుఖ్‌భాయిని, పిల్లల్ని అక్కడికే పిలిపించండి.

ఆయన చేత కఢీ చేయించండి. రెండు గ్లాసుల పుల్లటి మజ్జిగలో రెండు చెంచాల శనగపిండి ఉండ లేకుండా కలపాలి. పొయ్యి ఎక్కినప్పటినుంచి పొంగు వచ్చేదాకా గరిటె ఆపకూడదు, ఆపితే విరుగుతుంది. అల్లం, పచ్చిమిర్చి, నిమ్మకాయంత బెల్లం. నేతిలో జీలకర్ర, మెంతులు, రెండు లవంగాలు, కరివేపాకు. (మీ మామగారు డాకోర్ నుంచి వచ్చారు.)

తల్లిలేని పిల్లలకి రోజూ భోజనం పంపమని తరుకి విడిగా ఉత్తరం రాశాను.

ఆశీస్సులతో,
అత్తయ్య

తా.క.: తరు ఎలాగూ ఇంటిపట్టునే ఉంటుందిగా. దానికి ఇదొక లెక్కా?

~

లెస్టర్,
25 ఏప్రిల్

పూజ్యులైన అత్తయ్యగారికి,

ఈసారి జై శ్రీకృష్ణ అనడానికి కూడా మొహం చెల్లడం లేదు. మన్సుఖ్‌భాయి అనేవాడు లేడు. నేనే. నర్సు చదువు చదువుతున్నది మీ తరులత. బీనా మా బీనా. కేతన్ మా కేతన్. డబ్బా చిక్కుళ్ళు తినిపించింది నేను, మూడు నెలలుగా మీకు అబద్ధాలు రాసింది నేను.

ఆదివారం జరిగింది చెబుతాను. తరుకి ఆ రోజు పగటి డ్యూటీ, ఆరు దాటితే గానీ రాదనుకున్నాను. రతిలాల్‌గారు వచ్చారు. జయసుఖ్ పని మీద వెళ్ళాడు, నేనే మన్సుఖ్‌ని అన్నాను. కఢీ గిన్నెలో పోసి ఇచ్చాను. ఒక గుక్క తాగి, "వాహ్ మన్సుఖ్‌భాయి! నడియాద్‌లో ఇచ్ఛాబెన్ ఇంట్లో కూర్చున్నట్టుందయ్యా! మా కోకిల వంటింటి వైపు చూడక్కర్లేదు!" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "పిల్లల తల్లి పోయి ఎన్నాళ్ళయింది?" అని అడిగారు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. "అమ్మ వచ్చేసింది!" అని బీనా అరిచింది. తెల్ల ఏప్రను, తెల్ల టోపీతో తరు గుమ్మంలో నిలబడింది. రతిలాల్‌గారి చేతిలో గిన్నె జారిపోయింది. "రామ రామ! పగలే వస్తుందా?" అంటూ సోఫా వెనక్కి వెళ్ళిపోయారు. ఆయన్ని బయటికి రప్పించి నిజం చెప్పేసరికి నా ప్రాణం పోయింది. సాయంత్రానికి బెల్‌గ్రేవ్ రోడ్డు అంతా, తరు ఆసుపత్రికి వెళుతుంటే దాని మొగుడు ఏప్రన్ కట్టుకుని దొంగ పేరుతో వంట చేస్తున్నాడని చెప్పుకుంది.

నన్ను చూసి నవ్వుకుంటే నవ్వుకోనీండి. కానీ మర్నాడే మీ ఉత్తరం తరుకి అందింది. అది చదివి పుస్తకాలన్నీ తాడుతో కట్టి బీరువా పైన పెట్టేసింది. "ఇది నాలుగు గోడల మధ్య ఉన్నన్నాళ్ళు సరే. ఇప్పుడు ఊరంతా తెలిసింది. అమ్మ మొహం చూడలేను. ఇక చాలు" అంది. పరీక్షకి ఆరు వారాలే ఉన్నాయి.

అత్తయ్యగారూ, తను రాత్రి పూట ఒళ్ళు హూనమై వచ్చి కూడా వార్డులో ముసలివాళ్ళ పేర్లు చెప్పి నవ్విస్తుంది. నేను ఇంత గట్టి మనిషిని ఎక్కడా చూడలేదు. తిట్టదలిస్తే నన్ను తిట్టండి, పది పేజీలు తిట్టండి. దానికి మాత్రం చదువుకోమని ఒక్క ముక్క రాయండి. మీ మాటే వింటుంది.

క్షమాపణలతో,
జయసుఖ్

తా.క.: కఢీ విరగలేదు. మీకు చెప్పాలనిపించింది.

~

నడియాద్,
6 మే

చి. జయసుఖ్‌కి,

ఇకనుంచి గారు తీసేశాను. నువ్వు నాకు కొడుకువి.

నాకు వంట రాదు నాయనా. ఎన్నడూ రాలేదు. నేను టీ పెడితే మీ మామగారు అటు తిరిగి తాగుతారు. నీకు రాసిన కిచిడీ, కఢీ ఆయన ఉయ్యాల మీద ఊగుతూ చెబితే నేను రాశాను. ఆయన డాకోర్ వెళ్ళినప్పుడు సొంతంగా రాసింది ఢోక్లా ఒక్కటే. అది ఏమైందో నీకు తెలుసు.

తరు ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడు నేను బరోడాలో నర్సు చదువుకి వెళ్ళాను. పిల్లని ఒక చేత్తో ఎత్తుకుని రెండో చేత్తో గరిటె తిప్పడం నేర్చుకున్నది ఆయన. నేను తిరిగొచ్చాక కూడా ఆ గరిటె నాకివ్వలేదు. గుమ్మంలో ఎవరి అలికిడైనా వినబడితే గరిటె నా చేతికిచ్చి ఆయన వార్తాపత్రిక పట్టుకునేవారు. ఊరంతా ఇచ్ఛాబెన్ కఢీ అన్నారు. నేను కాదనలేదు. మీ పెళ్ళి కుదిరినప్పుడు ఎవరికీ చెప్పనని తరు చేత ఒట్టు కూడా వేయించాను. చూశావా, ఇది సిగ్గుపడి దాచుకోవలసిన సంగతి అని దానికి నేర్పింది ఎవరో కాదు, నేనే. తన చదువు సంగతి నా దగ్గరే దాచిందంటే ఆ తప్పు నాది. నీ ఉత్తరం చదివి నాకు కోపం రాలేదు, తల కొట్టేసినట్టయింది.

అందుకని శుక్రవారం భజనలో అందరి ముందూ లేచి నిలబడ్డాను. "ముప్ఫై ఏళ్ళుగా మీరు మెచ్చుకున్న కఢీ నాది కాదు, మా ఆయనది. నా అల్లుడు కూడా ఆయనంతటివాడే. నా కూతురు నర్సు కాబోతోంది" అన్నాను. తాళాలు ఆగిపోయాయి. అప్పుడు వెనకనుంచి హీరాబెన్, "మా ఆయన్ని పంపిస్తే నేర్పుతారా?" అని అడిగింది. రేపటినుంచి ప్రతి మంగళవారం మా వంటింట్లో అయిదుగురు మొగుళ్ళు చేతులు కట్టుకుని నిలబడబోతున్నారు.

ఈ ఉత్తరం చేరేసరికి వారం పైనే పడుతుంది. అందుకని శనివారం పొద్దున్నే తరుకి తంతి కొట్టించాను. అందులో ఉన్నది ఇంతే: "నాన్న వంట సంగతి ఊరందరికీ చెప్పేశాను. నువ్వు పుస్తకం తియ్యి."

మీ ఇద్దరికీ నా దండాలు,
ఇచ్ఛాబెన్

తా.క.: ఇది మీ మామ చిమన్‌లాల్ రాస్తున్నది. నీ మొదటి ఉత్తరంలో "స్నేహితుడు" అన్న మాట దగ్గరే నాకు అర్థమైంది బాబూ. 1943లో కఢీ ఎలా చేయాలని మా అత్తగారికి రాసినప్పుడు నాకూ శాంతిలాల్ అని ఒక స్నేహితుడుండేవాడు. ఆవిడ అతనికి మూడు సంబంధాలు చూసింది.