ఒక్క చుక్క, రెండు పేజీలు

మార్కాపురం,
మే 4

వదిన గారికి,
మాలకొండయ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ఎండలు తప్ప విశేషం లేదు.

జూన్‌లో మీ మనవరాలు సుస్మిత ఇంటర్ చదువుకు నా దగ్గరికి వస్తోంది కాబట్టి ఒక సంగతి ముందే చెప్పాలి. నిరుడు అక్కి లేచిన చోట, ఎడమ పక్కటెముకల మీద, మంట ఇంకా తగ్గలేదు. చొక్కా తగిలినా ఓర్చుకోలేను. ఇచ్చిన మాత్రలకు కళ్లు తిరిగి క్లాసులో బోర్డు పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు ఆయుర్వేద డాక్టరు గారు నోట్లో వేసుకునే నూనె ఒకటి రాసిచ్చారు. గంజాయి ఆకు నుంచి తీసింది. మత్తునిచ్చే టీహెచ్‌సీ ఇందులో చాలా తక్కువ, మత్తివ్వని సీబీడీ ఎక్కువ. ఏ మందైనా నా మీద గట్టిగా పనిచేస్తుంది కాబట్టి ఒక్క చుక్కతో మొదలు. సీసా బీరువాలో తాళం వేసి ఉంటుంది. పిల్ల ఉండబోయే ఇల్లు, దాచడం మర్యాద కాదు.

మీ మరిది,
మాలకొండయ్య

తా.క. ఫోన్ చేశాను. కలవలేదు.

* * *

పుల్లలచెరువు,
మే 9

మరిది మాలకొండయ్యకు వదిన లక్ష్మీదేవమ్మ దీవెనలు.

ఫోన్ ఎట్ల కలుస్తాది? సిగ్నల్ ఒక్క టీ అంగడి కాడే వస్తాది. అక్కడ నిలబడి గంజాయి సంగతి అరవమంటావా?

నీ ఉత్తరం విని మీ అన్న ఓబులయ్య గొర్రెల్ని తోలకుండా కూచున్నాడు. లెక్కలు చెప్పే అయ్యవారికి ఇదేం కర్మ అన్నాడు. గంజాయి ముట్టినోడు ఎక్కువ మాట్లాడతాడు, ఎక్కువ తింటాడు, ఊరికే నవ్వుతాడు. నువ్వు మా చెల్లెల్ని చూసుకోవడానికి వచ్చిన నాడు మొత్తం రెండు మాటలు మాట్లాడినావు, అందులో ఒకటి మంచినీళ్లు. అట్లాంటోడివి ఇంత ఉత్తరం రాసినావంటే అప్పుడే పని మొదలైంది. సుస్మితను పంపేది లేదు.

పైగా ఒక్క చుక్క ఏంది? మేము గొర్రెకి మందు పోసినా బరువు చూసి పోస్తాం. నువ్వు రెండు పొట్టేళ్ల బరువుంటావు.

వదిన,
లక్ష్మీదేవమ్మ

తా.క. ఎక్కువ పోసుకోమని కాదు. లెక్క తప్పిందని చెప్తున్నా.

* * *

మార్కాపురం,
మే 14

వదిన గారికి నమస్కారం.

బరువు లెక్క గొర్రెకు సరే. డాక్టరు గారి లెక్క వేరు. "సార్, తక్కువతో మొదలుపెట్టి నిదానంగా పెంచుదాం. మీ ఒళ్లు తొందరకు ఒప్పుకునేది కాదు" అన్నారు. ఒక చుక్క మీద వారం ఉండాలి. ఎట్లా ఉందో రోజూ రాసుకోవాలి. మగత రావచ్చు కాబట్టి వేసుకున్నాక స్కూటరు ఎక్కకూడదు. నా సీసా ఇంకొకరికి ఇవ్వకూడదు. సీసా మీద ఆ రెండు పదార్థాల కొలతా అచ్చువేసి, పరీక్ష చేసిన కాగితం చూపిస్తేనే కొనాలి. ఆ కాగితం చూశాను. మంట తగ్గుతుందని ఖాయం లేదని కూడా ఆయనే చెప్పారు.

పేజీ తిప్పండి.

నా ఒంటి సంగతి మీ చెల్లెలు కృష్ణకుమారికి తెలుసు. ఒకసారి జలుబు మాత్ర సగం విరిచి ఇచ్చింది. రైల్లో కంభం దగ్గర దిగవలసిన వాణ్ణి నంద్యాలలో లేచాను. పక్క సీట్లో ఆమె మేలుకునే ఉంది. ఎందుకు లేపలేదని అడిగితే, "నిద్రలో నవ్వుతా ఉన్నావు. ఆ మొహం ఎప్పుడూ చూడలా" అంది. ఇది రాస్తూ నేనూ నవ్వాను.

మొన్న జొన్న రొట్టెలు చేసుకుని మూడు తిన్నాను. పిల్ల వస్తే వండిపెట్టాలి కాబట్టి నేర్చుకుంటున్నాను.

మీ మరిది,
మాలకొండయ్య

తా.క. మూడో రొట్టె మాడింది. అదీ తిన్నాను.

* * *

పుల్లలచెరువు,
మే 19

మరిదికి దీవెనలు.

మాట్లాడేది అయింది, నవ్వేది అయింది, తినేది అయింది. మాడిన రొట్టె మతి ఉన్నోడు ఎవుడూ తినడు. మూడు గుర్తులూ నీ చేత్తోనే రాసి పంపినావు.

ఇంకో సంగతి. చెల్లెలు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకం నాడు కూడా నువ్వు దాని పేరు ఎత్తలేదు. అది నంద్యాల దాకా నిన్ను చూసుకుంటా పోయిందని నాకిప్పుడు తెలిసింది. ఇది మందు చెప్పించిందే. ఏడ్చినాలే, అది వేరే.

సీసా పారేసినట్టు వెంటనే రాయి. లేదంటే కాలేజీలో సీటు వదిలేస్తాం. హాస్టల్లో ఉండనని సుస్మిత ఏడుస్తా ఉంది. దానికి ఇంకో ఇల్లు లేదు. ఇంక గొర్రెల ఎంటే పోవాల.

వదిన,
లక్ష్మీదేవమ్మ

తా.క. డజను నిమ్మకాయలు బస్సులో పంపినా. పిండుకుని తాగు, మత్తు దిగుతాది.

* * *

మార్కాపురం,
మే 23

వదిన గారికి నమస్కారం.

సీసా మూత నిన్నటిదాకా తీయలేదు.

బీపీ మాత్రలు వాడుతున్నాను. రెండు మందులూ పొసగుతాయో లేదో చూసి, లివర్ పరీక్ష అయ్యేదాకా ఆగమన్నారు. రిపోర్టు మొన్న వచ్చింది. నిన్న భోజనం తర్వాత ఒక చుక్క. నోరు కొంచెం ఎండింది. మంట అట్లాగే ఉంది. నెల చూసి గుణం లేకపోతే మానేస్తాం.

సీటు వదలకండి.

మీ మరిది,
మాలకొండయ్య

తా.క. నిమ్మకాయలు అందాయి. దించవలసిన మత్తేదీ ఎక్కలేదు.

* * *

పుల్లలచెరువు,
మే 28

మరిదికి దీవెనలు.

నీ ఉత్తరం మీ అన్నకు మూడుసార్లు చదివినా. మందు పడకముందు రాసినవి పేజీలు పేజీలు. మందు పడినాక నాలుగు ముక్కలు. "నీ మరిదికి ఆ చుక్కతోనే తెలివొచ్చింది, ఇంక భయం లేదు పో" అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఏ మందూ లేకుండానే చెల్లెల్ని గురించి అంత చెప్పినావా అని ఆ నంద్యాల ఉత్తరం మళ్లీ తీసి చదువుకున్నా.

ఒకటో తారీకు పొద్దున బస్సుకి సుస్మిత వస్తాది. బస్టాండుకి ఆటోలో రా, స్కూటరు వద్దు. ఎన్ని చుక్కలైనాయో, మంట తగ్గిందో లేదో వారం వారం నిజం రాయి.

వదిన,
లక్ష్మీదేవమ్మ

తా.క. మా చెల్లెలి సంగతులు కూడా రాయి. రెండు పేజీలకు తక్కువైతే వాపసు పంపుతా.