సాల్మియాలో గొర్రెల పద్యం

తమ్ముడు ఓబులేసుకు, కువైట్ సాల్మియా నుంచి అక్క లచ్చమ్మ దీవిస్తూ తన చేత్తో రాసుకున్న జాబు. అక్షరాలు వంకరగా ఉంటాయి, కోడలు పద్మ కూడబలుక్కుని చదవాలి.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? కొండకు పోయేటప్పుడు గుడ్డ బిగించి కట్టుకుంటున్నావా? మరదలు ఎల్లమ్మకు దగ్గు తగ్గిందా, తగ్గిందని నాతో ఊరికే చెబుతున్నారా? నీ కొడుకు రమణ వేళకు తింటున్నాడా? పద్మకు నెలలు నిండుతున్నాయి, బిందెలు మోయనివ్వవద్దు. గొర్రెలు ఎలా ఉన్నాయి? గాలికుంటు రోగం మన పల్లెకు రాలేదు కదా? నేను బాగున్నాను. కళ్ళు కాస్త మసకలు, అంతే. దిగులు పడవద్దు.

ఫోన్‌లో చెబుదామంటే నువ్వు ఊఁ, ఊఁ అని పెట్టేస్తావు. అందుకే రాసి మస్తాన్ చేతికి ఇస్తున్నాను. మస్తాన్ మన రాయచోటి అబ్బాయే. మా మేడం పనిచేసే బడికి బండి నడుపుతాడు, రేపు సెలవుకు వస్తున్నాడు. పద్మా, మామకు మొత్తం చదివి వినిపించు తల్లీ. మధ్యలో లేచి పోతే వెనకే పోయి చదువు.

రుమైథియాలో అరబ్బుల ఇంట్లో పని మానేసి ఇక్కడ చేరానని చెప్పాను కదా. ఈ మేడంది ఆస్ట్రేలియా, బడిలో టీచరు. వాళ్ళ నాన్నను చూసుకోవడం నా పని. ఆయన వాళ్ళ దేశంలో గొర్రెల మనిషి. ఇప్పుడు మతి నిలవదు. తిన్నది గుర్తుండదు, కూతురి పేరు గుర్తుండదు. బయట కాలు పెడితే ఎండ నిప్పులు, లోపల ఏసీకి ఎముకలు కొరికే చలి. ఆయనకు ఉప్పూ కారం లేని తిండి వండి, నాకు ఇంత సంగటి కెలుక్కుంటాను. రాగిపిండి దొరుకుతుంది, దానికి దిగులు పడవద్దు.

పొద్దున టీ తాగగానే ఆయన కుర్చీ పట్టుకుని నిలబడి, కళ్ళు మూసుకుని, ఒకే తూగుతో ఏదో చదువుతాడు. మంద వెనక నడిచేవాడి అడుగుల్లాగా ఉంటుంది ఆ తూగు. ముఖంలో నవ్వు ఉండదు, ఏడుపు ఉండదు. నేను దేవుడి స్తోత్రం అనుకున్నాను. ఎవరి దేవుడైనా దేవుడే కదా. చెప్పులు విడిచి, తలమీద కొంగు కప్పుకుని, చేతులు జోడించి నిలబడేదాన్ని. నీ మోకాలి కోసం కూడా మొక్కుకునేదాన్ని.

ఒకరోజు మస్తాన్ నీళ్ళ క్యాన్లు ఇవ్వడానికి వచ్చి నన్ను చూశాడు. మేడంను ఇంగ్లీషులో ఏదో అడిగాడు. ఆమె నవ్వు ఆపుకోలేక సోఫాలో కూలబడింది.

"అరే పెద్దమ్మా, ఎవురికి దండం పెడతాండావు?"

"దేవునికిరా, ఇంకెవురికి?"

"దేవుడూ లేడు, ఏమీ లేదు. ఉన్ని కత్తిరించేటోళ్ళకు వంటోడు రొట్టె కాల్చి పెడితే, పొట్టేలు దాన్ని ఎత్తుకొని ఉరికిందంట. వాడు గరిటె పట్టుకొని దాని యెంటబడినాడంట. అదీ పద్యం."

"ఆ మొగం పెట్టుకొని నవ్వుల పద్యం ఎవురన్నా చెప్తారా?"

"వాళ్ళ కాడ అట్లే చెప్పాలంట. చెప్పేటోడు నవ్వగూడదు, వినేటోళ్ళు నవ్వాల."

నీ మోకాలి నొప్పి తగ్గకపోతే ఇక ఆ పొట్టేలునే అడగాలి.

ఆ తర్వాత ఒక్కో పద్యానికీ మేడం చెప్పిన అర్థం మస్తాన్ నాకు తెలుగులో చెప్పేవాడు. అన్నీ మన బతుకులే. వానల్లేక, గడ్డి కోసం మందను తోలుకుని ఊళ్ళు దాటి నెలల తరబడి నడిచేవాళ్ళ కథలు. మన నాయన కూడా మందను అట్లాగే తోలుకుపోయి, ఎరువు కోసం రైతుల చేలల్లో నిలిపి, బదులుగా గింజలు తెచ్చేవాడు. ఒకరోజు పెద్దాయన పద్యం మధ్యలో మరిచిపోయి బిక్కమొహం వేశాడు. నాకేమీ తోచక, నాలుక అంగిట్లో ఆడించి మనం మందను అదిలించినట్టు అదిలించాను. వెంటనే ఆయన వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. పక్క ఫ్లాటువాళ్ళు వచ్చి తలుపు బాదారు.

అసలు సంగతికి రావడానికి భయపడి ఇవన్నీ రాస్తున్నాను.

ఒక పద్యం ఆయన సొంతంగా కట్టిందట. కరువులో మందను అమ్ముకున్న మనిషి, రోజూ పొద్దున్నే ఖాళీ దొడ్డికి పోయి తడిక తీస్తాడు. అది ఆయన కథే. వానల్లేక, ఇక కాదని, మొత్తం ఒకేసారి లారీలకు ఎక్కించాడట. ఇప్పుడు తెల్లారకముందే లేచి మా ఫ్లాటు తలుపు గడియ తడుముతాడు. మందను విడవాలంటాడు. ఒకసారి తలుపు తెరుచుకుని పోయాడు. సముద్రం పక్క రోడ్డులో, కార్ల మధ్య చేతులు చాపి, గొర్రెలను దాటిస్తున్నట్టు నిలబడి ఉన్నాడు. అన్నీ మరిచిపోయాడు తమ్ముడూ. అమ్మిన సంగతి కూడా మరిచిపోయాడు. అందుకే రోజూ మళ్ళీ వెతుకుతాడు.

నువ్వేమో మందను అమ్మి రమణను కువైట్ పంపుతానన్నావు. పనేమిటంటే గొర్రెలు కాయడం అన్నావు. మన గొర్రెలను అమ్ముకుని, పరాయి గొర్రెలను కాయడానికి ఇంతదూరమా? ఎడారిలో ఒక గుడారం, ఒక నీళ్ళ ట్యాంకు. కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని, వచ్చినప్పుడే రొట్టెలు. రమణ పాట అందుకుంటే వినే మనిషి ఉండడు. పుట్టే బిడ్డ నడక నేర్చేదాకా ముఖం చూడడు.

అయినా అమ్మవద్దని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. గడ్డి లేదు, బోరు ఎండింది, నేను పంపేది మీ మందులకే సరిపోదు. మేడం ఆయనను వాళ్ళ దేశంలో ముసలివాళ్ళను ఉంచే చోట పెడుతుందట. నా పని కూడా ఖలాస్. ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు? దిగులు పడవద్దు.

వ్యాపారి లారీ తొలి ఏకాదశి ముందు శుక్రవారం వస్తుందని ఎల్లమ్మ చెప్పింది. నా టికెట్ ముందుకు జరపమని మేడంను బతిమాలాను. ఆయన శనివారం విమానం ఎక్కేదాకా నేను ఉండాల్సిందే అంది. వ్యాపారిని రెండు రోజులు ఆగమని అడిగి చూడు. ఆగడని నాకు తెలుసు. ఎక్కించేటప్పుడు నువ్వు అక్కడ ఉండవద్దు, రమణకు అప్పజెప్పి ఇంట్లో కూర్చో. కాదులే, ఉండు. ఒక్కోదాన్నీ తాకి ఎక్కించు. చూడకపోతే తర్వాత వెతుక్కుంటావు.

మేనత్త సుబ్బమ్మకు నా బదులు నువ్వు కాళ్ళు మొక్కి దీవెన అడుగు. గంగమ్మకు ఒక టెంకాయ కొట్టు. పద్మ బిడ్డను తల్చుకుని ఇక్కడినుంచే అక్షింతలు వేస్తున్నాను.

నేను రాయచోటిలో బస్సు దిగేది తొలి ఏకాదశి ముందు ఆదివారం, మధ్యాహ్నం.

నీ అక్క,
లచ్చమ్మ