పుదీన మీద చేపనీళ్లు

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. ఇవాళ బహదూర్‌పల్లి అంతా చేపలే. చేపలు కోసే ఆమె దగ్గర తలలు, పేగులు రెండు కిలోలు అడిగి తెచ్చాను. మిద్దె మీది కుండీల మొక్కలకు ఎరువు చేద్దామని అంతే బెల్లం కలిపి బకెట్‌లో వేసి అక్కడే పెట్టాను. మూత బిగించకూడదట, గ్యాస్ పట్టి పేలుతుందట. అత్తమ్మ ముక్కు మూసుకుని గిదేం పని అన్నది. ఆమె మా దగ్గరికి వచ్చి ఆరు నెలలు. మా ఇద్దరి మధ్య ఇంతకంటే పెద్ద మాట నడవదు.

జూన్ 17

రోజూ మూత తీసి కర్రతో కలుపుతున్నాను. పిల్లులు రాకుండా చుట్టూ జాలీ కట్టాను.

జూన్ 30, సోమవారం

పొద్దున వడగట్టాను. లీటరు నీళ్లకు ఐదు ఎం.ఎల్. మొక్క మొదట్లోనే పోయాలి, ఆకుకూరల మీద కొట్టకూడదు. నాకు తెలుసు. కానీ వేర్‌హౌస్‌లో ఎనిమిదికల్లా హాజరు పంచ్ కొట్టాలి. స్ప్రేయర్ పట్టుకుని అన్నిటి మీదా కొట్టేశాను, పుదీన మీద కూడా. ఎవరికీ చెప్పకుండా గుండ్లపోచంపల్లి ఆటో ఎక్కాను.

సాయంత్రం 7

మధ్యాహ్నం అత్తమ్మ ఆ పుదీన తెంపి, పచ్చిదే నూరుకుని తిన్నదట. కడిగావా అని అడగడానికి నోరు రాలేదు. ఆమెకు షుగర్. పోయినేడు విరేచనాలు పట్టుకుని నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. కడుపులో ఎట్లా ఉంది అని మాత్రం అడిగాను. మంచిగనే ఉన్నది, ఎందుకు అన్నది. ఊరికే అన్నాను.

జూలై 1

సెలవు పెట్టాను. తెల్లారకముందే ఆమె మంచం దగ్గర నిలబడ్డాను. గంటకోసారి అడిగాను. కాలు ఒకచోట నిలవడం లేదు. మా ఆయన నగేష్‌కు చెబుదామని రెండుసార్లు ఫోన్ తీసి మళ్లీ పెట్టేశాను. మజ్జిగ నేనే కలిపి ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఆమె చిన్నప్పటి సంగతులేవో చెప్పింది. సగం వినలేదు, ఆమె ముఖమే చూస్తున్నాను.

జూలై 2

ఏమీ కాలేదు. అయినా అడిగాను.

జూలై 3

ఇవాళా ఏమీ కాలేదు. డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ నా ఆడబిడ్డ వర్షతో ఫోన్‌లో ఉంది. మీ వదినె నన్ను మస్తు అర్సుకుంటాంది, పానం ఎట్లున్నదని గడియకోసారి అడుగుతాంది, నన్ను గిట్ల అడిగినోళ్లు లేరు బిడ్డా అంటోంది. నేను చెప్పులు కూడా విప్పకుండా మెట్ల మీద కూర్చుండిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను.

జూలై 5, శనివారం

అత్తమ్మకు చెప్పేశాను. చేపనీళ్లు, పుదీన, నా భయం, అన్నీ.

అయితే ఇగ రేపటి సంది పానం ఎట్లున్నదని అడుగవా అన్నది.