అత్తయ్యా, కదలకండి!

ఉత్తరాల్లో తప్ప నేనెరుగని అత్తయ్యకు,

నమస్కారాలు. ఉద్యోగం వచ్చింది! సరిహద్దు స్టేషన్లో బళ్ల రాకపోకలు మైకులో చెప్పడం. నలుగురిలో నోరు విప్పనిదాన్ని, అద్దాల గదిలో కూర్చుని స్టేషనంతా వినేలా మాట్లాడుతున్నాను! నాన్న పోయాక నాకు మిగిలింది మీరే. ఆదివారం మీ దేశం బండిలో వచ్చి నా దగ్గరే ఉండిపోండి. మొదటి పెట్టె ఎక్కండి. నేను ఇంజను దగ్గర నిలబడతాను.

మీ మేనకోడలు

తా.క. ఫొటో పంపడం లేదు. అందులో కళ్ళజోడొక్కటే బాగా పడింది.

*

మైకు మహారాణికి,

మొదటి పెట్టె దిగి, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని వచ్చేసరికి ఇంజనూ లేదు, నువ్వూ లేవు. చూసి చూసి తిరుగు బండెక్కేశాను. నాకు కోపం రాలేదు. వస్తే ఉత్తరం ఇంత మర్యాదగా ఉండదు.

మీ అత్త

తా.క. బండి ఆగుతుంటే నీ గొంతు విన్నాను. అచ్చం మా అన్నయ్య గొంతే. ఏడ్చేశాను. ఎవరికీ చెప్పకు.

*

అలిగిన అత్తయ్యకు,

తప్పు నాదే. ఇక్కడ మీ దేశం ఇంజను విప్పేసి, మా దేశం ఇంజనును రెండో కొసకు తగిలిస్తారు. నేను కొత్త ఇంజను పక్కన నిలబడి మీకోసం నవ్వుతూనే ఉన్నాను. డ్రైవరు తనకేననుకుని చెయ్యి ఊపాడు. ఈసారి చివరి పెట్టె ఎక్కండి!

సిగ్గుతో, మీ మేనకోడలు

*

తెలివైన పిల్లకు,

చివరి పెట్టే ఎక్కాను. దిగాక అనుమానం వచ్చింది: అత్త మొండిది, మొదటి పెట్టే ఎక్కి ఉంటుందని నువ్వు అటు పోతావేమో! వానలో అటు పరుగెత్తాను. లేవు.

నీ తడిసిన అత్త

తా.క. దారిలో ఒకతె గొడుగుతో సహా వచ్చి గుద్దింది. గొడుగు అడ్డమై మొహం కనబడలేదు, కళ్ళజోడు మాత్రం నా కాళ్ళ దగ్గర పడింది. "కళ్ళు నెత్తిన పెట్టుకున్నావా?" అని దులిపేశాను. పాపం, నోరెత్తకుండా పారిపోయింది.

*

నన్ను దులిపేసిన అత్తయ్యకు,

ఆ కళ్ళజోడు నాదే! మైకు గదిలోంచి చివరి పెట్టెకే పరుగెత్తుతున్నాను. అది లేకపోతే నాకు మనిషీ స్తంభమూ ఒకటే. ఇక పరుగులు వద్దు. ఈసారి బండి ఆగగానే "అత్తయ్యా, ఉన్నచోటే ఉండండి, కదలకండి" అని మైకులోనే చెప్పేస్తాను. సొంత మాటలు మైకులో చెబితే ఉద్యోగం తీసేస్తానని పెద్దసారు మొదటిరోజే హెచ్చరించారు. తీసేస్తే తీసేయనీ!

మీ తెగించిన మేనకోడలు

తా.క. తీసేయకపోతే బావుండును.

*

నా బంగారానికి,

విన్నాను! కదలలేదు. స్టేషన్లో ఏ అత్తయ్యా కదలలేదు. వాళ్ళెక్కాల్సిన బండీ కదలలేదు. ఇంతలో ఒక పిల్ల "అత్తయ్యా!" అంటూ మెడ చుట్టేసింది. నువ్వే అనుకుని వెంట పోయాను. కడుపునిండా తిన్నాను, హాయిగా పడుకున్నాను. ఇవాళ పొద్దున డ్యూటీ నుంచి వచ్చిన వాళ్ళ నాన్న గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఈవిడెవరు? మా అక్కయ్యేదీ?"

పుట్టినప్పుడు చూసిన అత్తయ్యట, ఆ పిల్లకేం తెలుస్తుంది! ఆయన మీ పెద్దసారే. నిన్ను తీసేసే కాగితం జేబులోనే ఉంది. "మీ అక్కనే నేననుకుని ఆ మైకు అమ్మాయి అన్నం పెడుతూ ఉంటుంది. ముందది చించు నాయనా" అన్నాను. చించాడు.

ఈ ఉత్తరం తెచ్చేది ఆయనే. వాళ్ళ అక్కను అప్పజెప్పి నన్ను తీసుకుపో. ఉండిపోవడానికే వచ్చాను. గుమ్మంలో కూర్చుని ఉంటాను. భయపడకు, ఈ ఇంటికి ఒకటే గుమ్మం.

నీ అసలు అత్త

తా.క. ఆవిడ నీ కర్టెన్లకు వంక పెట్టిందా? పెట్టకపోతే అప్పుడే తెలుసుకోవలసింది, ఆవిడ నేను కానని.