ఆడోళ్ల పేర్లు, రోజుకొక తరం

1982 జనవరి 3, ఆదివారం
పొద్దున హన్మకొండల చరిత్ర సంఘం లైబ్రరీకి పోయినం. మా ఆయన పాండురంగం గారు, బట్టల దుకాణం ఓనరు, మా ఇంటి పాత కాగితాలన్నీ వాళ్లకిచ్చిండు. దాంతోపాటు అద్దం కట్టించిన వంశవృక్షం. ఏడు తరాలు! కొమ్మకొమ్మకూ మగపేరే. మగోళ్లను మగోళ్లే కన్నరన్నమాట. మాది గొప్ప వంశమని ఊకెనే అంటరా!
"ఆడోళ్ల పేర్లేవి?" అన్న.
"జాగ సరిపోలే" అన్నడు. కాగితం చాపంత ఉన్నది.
లైబ్రరీ చూసే వెంకట్రాజం సార్ విన్నడు. "రాసియ్యమ్మా, పక్కనే పెడత. ఉగాదికి అందరికీ చూపెడదాం."
శపథం చేసిన. రోజుకొక తరం. వారంల ఖతం!

జనవరి 4
కొత్త పెన్ను. మొదటి పేరు: సరస్వతి. నేనే! రెండోది మా అత్తమ్మ, మొగిలమ్మ. ఒక్కనాడే రెండు తరాలు! ఇంత అల్కటి పని ఇన్నేండ్లు ఎట్ల వదిలేసిన్రో.

జనవరి 5
"అత్తమ్మా, మీ అత్త పేరేంది?"
"నర్సంపేటామె."
"అది ఊరు గద!"
"అందరం అట్లనే అనేటోళ్లం. నీకెందుకే పేర్లు? చింతపండు గింజలు తీసినవా?"
తీయలే.

జనవరి 9
చిన్నమామ సారంగపాణిని వాళ్లమ్మ పేరు అడిగిన. "అమ్మను పేరుతోని ఎవలు పిలుస్తరు?" అన్నడు. వాళ్ల తాత ఎడ్ల పేర్లు చెప్పిండు. రామన్న, లచ్చన్న. తాత భార్య?
"నెక్కొండామె. మంచి మనిషి."
ఎడ్లకైన పేర్లున్నయి. సంతోషం.

జనవరి 17
రాయలే. జలుబు.

జనవరి 19
జలుబు తగ్గింది. బద్ధకం తగ్గలే.

జనవరి 31
మేడారం జాతరకు పోయేటందుకు చుట్టాలు దిగిన్రు. ఇంటినిండ ఆడోళ్లే! అడుగుడే ఆలస్యం అనుకున్న. బియ్యం కడుగుడు, బెల్లం మూటలు కట్టుడు, చాయ్, మళ్ల చాయ్. ఎవరికి చక్కెరెంతనో తెలిసింది. పేర్లు తెల్వలే.

ఫిబ్రవరి 12
"ఎందాక వచ్చింది నీ పరిశోధన?" అన్నడు మా ఆయన, మీసాల చాటుకు నవ్వుకుంట. బంద్ పెట్టిన. ఎవలకు గావాలె పేర్లు? సచ్చిపోయినోళ్లు లేచొచ్చి అడుగుతరా? నాతోని గాదని సార్‌కు కబురు పంపిన. హాయిగున్నది. (అబద్ధం.)

ఫిబ్రవరి 20
మధ్యాహ్నం అత్తమ్మ, నేను కందులు చెరుగుతానం. ఉన్నట్టుండి అన్నది:
"ఊరందరి పేర్లు అడిగినవు. నా పేరు అడుగలే."
"మొగిలమ్మ గద! ఫస్టే రాసిన."
"అది మా అత్త పెట్టిన పేరు. ఆమె పేరు, నా పేరు ఒక్కటే ఉండె. ఒక్కింట్ల ఇద్దరుంటే పిలుసుడు కష్టమని లగ్గం నాడే నాది మార్చింది."
"అంటే నర్సంపేటామె పేరు మీకు ఎరుకేనా!"
"నా పేరు గుంజుకున్న మనిషి పేరు మరుస్తనా? చెప్పబుద్ధి గాలే."
"మరి మీ ఇద్దరి పేరేంది?"
చేట కింద పెట్టింది. "చిలుకమ్మ. నన్ను కన్న మా అవ్వ పోయినంక ఆ పేరుతోని పిలిచినోళ్లే లేరు."
"చిలుకమ్మత్తా" అన్న.
 మొఖం గోడ దిక్కు తిప్పుకున్నది. అటు తిరిగే, "ఆఁ" అన్నది.
ఎగతాళి చేసేటందుకు ఇయ్యాల నాకేం దొరుకలే.

ఫిబ్రవరి 21, ఆదివారం
శపథం మళ్ల మొదలు! రోజుకొక తరమని గాదు. ఉగాది దాక ఇంకొక్క పేరు దొరికినా చాలు. చిన్నమామ చెప్పిన నెక్కొండామె పుట్టింటోళ్లు ఆ ఊళ్లె ఇంకా ఉన్నరట. అత్తమ్మ కూడ వస్తనన్నది. సంచి సర్దుకొని నాకన్న ముందే వాకిట్ల నిలబడ్డది.
"ఇద్దరూ పోతే వంటెట్ల?" అన్నడు మా ఆయన.
"పొయ్యి ఎక్కడున్నదో నీకు ఎరుకే గదరా పాండూ" అని అత్తమ్మ మెట్లు దిగింది.